మామయ్య బ్రాస్, మా అవ్వ బార

పోయిన నెలలో డాబా మీద బట్టలారేసే తాడు తెగిపోతే, కొత్తది తెచ్చుకుందామని గోదావరిఖని చౌరస్తా దగ్గరున్న హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాను. ఎంత కావాలని దుకాణాయన అడిగితే, ఆలోచించకుండానే రెండు చేతులూ పక్కలకు చాపి, ఇట్లాంటివి ఆరు బారలు కావాలన్నాను. చాపినందుకు కుడిభుజం కలుక్కుమంది, అది వేరే సంగతి. ఆయన నా చేతుల వంకా నా ముఖం వంకా చూసి, "మీటర్లల్ల చెప్పున్రి మేడం" అన్నాడు. ముప్పై ఏళ్ళు కూడా లేవు, ఆయనకు బార అన్న మాట తెలియకపోవడంలో తప్పేమీ లేదు. మన ఈడు వాళ్ళకైతే విప్పి చెప్పనక్కర లేదు: జాన, మూర, బార, ఈ మూడూ మన ఒంటి మీదనే మోసుకుని తిరిగినవాళ్ళం మనం. ఒకచేతి నడివేలి కొస నుంచి రెండోచేతి నడివేలి కొస దాకా ఎంతుంటే అంత బార. మనిషిని బట్టి కాస్త పెరుగుతుంది, కాస్త తరుగుతుంది, అయినా ఎవరి పనీ ఆగేది కాదు.

తాడు చుట్ట సంచిలో వేసుకుని ఆటోలో వస్తుంటే, దారిపొడుగునా నాకు మా వదిన వాళ్ళ నాయన గుర్తుకొచ్చాడు. ఆయనను నేను మామయ్య అని పిలిచేదాన్ని. ఆయన కథ మా కాలనీలో ఆ రోజుల్లో చాలామందికి తెలుసు. ఇప్పుడు తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలాం కాబట్టి, నేనే చెప్పాలి.

ముందు నా సంగతి ఒక్క మాట. నేను ఇక్కడి బొగ్గు కంపెనీ దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నర్సింగు చదివింది మాత్రం కాకినాడలో, మిషన్ వాళ్ళ బడిలో. మా చర్చి పాస్టరుగారు ఉత్తరం రాసి సీటు ఇప్పిస్తే, కమాన్‌పూర్ పక్క పల్లె నుంచి వచ్చి బొగ్గుబాయిలో కూలికి కుదిరిన కుటుంబంలోని ఆడపిల్లను నేను, రైలెక్కి అంత దూరం పోయాను. అక్కడ హాస్టల్లో నా గదిలోని అమ్మాయిది యానాం. ఒక్కతే కూతురు. సెలవుల్లో నేను ఇంటికి రావడం ఖర్చని ఆమె తన వెంట యానాం తీసుకుపోయేది. అట్లా మొదటిసారి నేను మామయ్యను చూశాను.

గోదావరి సముద్రంలో కలిసే దగ్గర నడిచే లాంచీ మీద పనిచేసేవాడాయన. అక్కడ నది అడుగున ఇసుక ఒకచోట నిలవదట, నిన్న లోతున్న చోట ఇవ్వాళ మేట వేస్తుందట. అందుకని లాంచీ ముందుభాగంలో ఒక మనిషి నిలబడి, సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి, పైకి లాగుతూ తడిసినంత మేరా చేతులు చాపి కొలిచి, వెనక చుక్కాని పట్టుకున్న సరంగుకు లోతెంతో అరిచి చెప్పాలి. మామయ్య పని అదే. చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో చదివాడు, ఫ్రెంచి లాంచీ మీద పని నేర్చుకున్నాడు. వాళ్ళు యానాం వదిలిపెట్టి వెళ్ళిపోయాక సరంగులు మారారు, లాంచీలు మారాయి, ఆయన అరుపు మాత్రం మారలేదు. "ఆఁ బ్రాస్, దో బ్రాస్, త్రువా బ్రాస్" అని ఆయన పాడినట్టు అరుస్తుంటే, నేనూ నా స్నేహితురాలూ వెనక కూర్చుని నవ్వుకునేవాళ్ళం. నాది గోదావరిఖని అని చెప్పినప్పుడు ఆయన, "అయితే మీరు వాడేసిన నీళ్ళేనమ్మా మేం తాగుతున్నది" అన్నాడు. ఆయన మాటతీరు అట్లాంటిది. పెద్దవాళ్ళనే కాదు, లాంచీలో బస్తాలు మోసేవాళ్ళను కూడా అండీ, గారూ అనే పిలిచేవాడు.

చదువైపోయిన రెండేళ్ళకు ఆ స్నేహితురాలినే మా అన్నకు చేసుకున్నాం. ఆ సంబంధం కుదిర్చింది నేనే, ఈ రోజుకీ గర్వంగానే చెప్పుకుంటాను. అన్న బాయిలో బొగ్గు తొట్లను లాగే హాలర్ ఆపరేటర్. వదిన ఇక్కడి ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చేరింది. వాళ్ళతోపాటు క్వార్టరులో మా అవ్వ, అంటే మమ్మల్ని కన్నతల్లి ఉండేది. క్వార్టరు వెనక రేకుల కొట్టంలో ఆమెకు రెండు బర్రెలు. నాయిన పోయాక ఆ బర్రెలే ఆమె లోకం. నాకూ పెళ్ళయి పక్క వరుసలోనే క్వార్టరు దొరికింది కాబట్టి పూటకోసారి అటు వెళ్ళి వచ్చేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత యానాంలో అత్తమ్మ, అంటే వదిన వాళ్ళమ్మ, కాలం చేసింది. ఒంటరిగా ఎందుకుండాలని వదినా అన్నా పోయి మామయ్యను ఇక్కడికి తీసుకొచ్చారు. ఆయన ఒక ట్రంకు పెట్టె, ఒక గొడుగు పట్టుకుని దిగాడు. కూతురింట్లో ఉండడం ఆయనకు నామోషీగానే ఉండేది, కాని ఆ మాట పైకి అనేవాడు కాదు. పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ పోయేది లేకపోయినా తయారై, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి కిటికీలు గడగడలాడితే మేమెవరం తల కూడా ఎత్తేవాళ్ళం కాదు, ఆయన మాత్రం ప్రతిసారీ లేచి నిలబడేవాడు.

ఆయనకూ మా అవ్వకూ పొసగలేదు. కారణం వింటే మీరు నవ్వుతారు. మా అవ్వ అందరినీ నువ్వు అనే అంటుంది. డాక్టరునూ నువ్వే, పాస్టరునూ నువ్వే, ప్రార్థనలో దేవుణ్ణీ నువ్వే. మన దిక్కు అది అమర్యాద కాదు, దగ్గరితనం. "అన్నా, నువ్వు తిన్నవా" అని ఆమె వియ్యంకుణ్ణి అడిగితే, ఆమె లెక్కన అంతకు మించిన మర్యాద లేదు. ఆయన చెవికి మాత్రం అది చెంపదెబ్బలా తగిలేది. వదినను చాటుకు పిలిచి, "మీ అత్తగారు నన్ను ఏకవచనంలో పిలుస్తున్నారమ్మా" అని బాధపడేవాడట. వదిన సర్దిచెప్పేది. ఇటు అవ్వేమో, "ఆయినె నాతోని అండీ అండీ అంటడు. పరాయి మనిషితోని మాట్లాడినట్టుంటది. నేనేం జేసిన్నని గట్ల దూరం వెడుతడు" అని నా దగ్గర వాపోయేది. ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరికి మర్యాద అనిపించింది రెండోవాళ్ళకు అవమానమైంది, అంతే.

అట్లా కొన్నాళ్ళు గడిచాయి. పక్కింటివాళ్ళ పాప నామకరణానికి అందరం పోయినప్పుడు, కాలనీ వాళ్ళందరి ముందూ అవ్వ చెయ్యి ఊపి, "ఓ అన్నా, గాడెందుకు నిలబడ్డవ్, ఇటు రా, నువ్వు ఈడ కూసో" అని కేకేసింది. మామయ్య వచ్చి కూర్చున్నాడు, భోంచేశాడు, ఇంటికొచ్చి అన్నతో యానాం పోవడానికి టిక్కెట్టు తీయమన్నాడు. ఎవరెంత చెప్పినా వినలేదు. టిక్కెట్టు తీశాం. ట్రంకు పెట్టె సర్దుకున్నాడు.

బయలుదేరవలసిన దానికి ముందురోజు పొద్దున, వరండాలో కుర్చీలోంచి లేవబోయి కింద పడిపోయాడు. అవ్వ కేక విని నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆయన మూతి ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యీ కుడికాలూ చచ్చుబడ్డాయి. చూడగానే పక్షవాతమని తెలిసింది. బండి మాట్లాడి పెద్దపల్లి మీదుగా కరీంనగర్ తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. కొన్ని వారాల తర్వాత ఇంటికి తెచ్చాం, కాని మాట పడిపోయింది. మనం అన్నది అర్థమవుతుంది, తలూపుతాడు, తన నోటి నుంచి మాత్రం ఏదీ రాదు. డాక్టరు నాతో విడిగా చెప్పాడు: ఇట్లాంటి వాళ్ళకు మామూలు మాట కంటే ముందు, కంఠస్థమైపోయినవి, అంటే లెక్కపెట్టే ఒంట్లూ ప్రార్థనలూ పాటలూ తిరిగి రావచ్చు, ఓపిగ్గా పలికిస్తూ ఉండమన్నాడు. మేము ఒకటి, రెండు అని చెప్పించాం, పరలోక ప్రార్థన చెప్పించాం. ఆయన పెదవులు కదిపేవాడు, కళ్ళలో నీళ్ళు తిరిగేవి, మొహం గోడ వైపు తిప్పుకునేవాడు.

తర్వాత ఒకనాడు ఒక్క శబ్దం వచ్చింది. "బాస్" అన్నట్టు వినబడింది. మళ్ళీ, మళ్ళీ అదే. మూతి వంకరపోయిన మనిషి పలుకు కదా, ఎవరికి తోచినట్టు వాళ్ళు విన్నాం. వదిన పళ్ళు తోముకునే బ్రష్షు అడుగుతున్నాడనుకుని తెచ్చి ఇస్తే ఎడంచేత్తో విసిరికొట్టాడు. అన్నేమో, బస్సు అంటున్నాడన్నాడు. బస్సు అనగానే వదిన కూలబడి ఏడ్చింది. "యానాం వెళ్ళిపోతానంటున్నారు. టిక్కెట్టు తీశాక కదా ఇలా అయింది. మనసంతా అక్కడే ఉంది నాన్నకి" అంది. అవ్వ ఆ మాట విని ఒక మూల కూర్చుండిపోయింది. తన నోటిమాట వల్లనే ఆయనకు ఈ గతి పట్టిందని ఆమె లోపల అప్పటికే కుమిలిపోతోంది. బర్రెల పాలు పిండడం కూడా నాకే వదిలేసింది.

అన్న మెత్తని మనిషి, భార్య ఏడిస్తే చూడలేడు. "సరే తీ, బండి మాట్లాడుత, ఆదివారం తోల్కపోదాం" అన్నాడు. అంత దూరం, ఆ ఎండల్లో, ఆ స్థితిలో ఉన్న మనిషిని బండిలో పడుకోబెట్టి తీసుకుపోతే దారిలోనే ఏదైనా కావచ్చు. పోనీ అక్కడికి చేరినా చూసే దిక్కెవరు? నేను గట్టిగానే అడ్డం తిరిగాను. "ఆయన అడిగేది బస్సేనని మీకెట్ల తెలుసు" అన్నాను. "మరి ఇంకేందో నువ్వు చెప్పు" అన్నాడు అన్న. ఆ రాత్రంతా ఆ శబ్దం చెవిలో మోగుతూనే ఉంది. తెల్లారి దవాఖానలో డ్యూటీ చేస్తూ, ఒకామెకు సెలైను ఎక్కించి సీసాను పైకి ఎత్తి తగిలిస్తుండగా, ఉన్నట్టుండి యానాం లాంచీ గుర్తుకొచ్చింది. ఆయన అనేది బాస్ కాదు, బ్రాస్. అంతవరకూ నాకు ఖాయంగా తెలిసింది. కాని దాని అర్థమేమిటో చిన్నప్పుడు నేను అడిగినదాన్ని కాదు, వదినకూ తెలియదు. లాంచీలో అరిచే కేక అనుకున్నామంతే.

డ్యూటీ దిగి నేరుగా కాన్వెంటు బడికి పోయాను. అక్కడ ఒక పెద్ద సిస్టరమ్మ ఉండేది, పుదుచ్చేరి వైపు మనిషి, అరవ యాసలో తెలుగు మాట్లాడేది. దవాఖానకొస్తే బీపీ నేనే చూసేదాన్ని, ఆ చనువుంది. ఆమెకు ఫ్రెంచి బాగా వచ్చు. సంగతంతా విని ఆమె కుర్చీలోంచి లేచి, పొడుగుచేతుల తెల్లని అంగీలో రెండు చేతులూ బారుగా చాపి నిలబడింది. "ఇదిగో, బ్రాస్ అంటే ఇదే. పడవవాళ్ళు నీళ్ళ లోతు చెప్పే కొలత" అంది. లాటిన్ భాషలో రెండు చేతులు అనడానికి బ్రాకియా అనేవాళ్ళట. అది జనం నోట నానీ అరిగీ ఫ్రెంచిలో బ్రాస్ అయిందట. చేతులు చాపి తాడు కొలిచేవాళ్ళు కాబట్టి చేతుల పేరే కొలతకూ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు సముద్రం లోతుకు చెప్పే ఫాదమ్ అనే మాట కూడా చాపిన చేతుల్లోంచి పుట్టిందేనని, ఫ్రెంచిలో కౌగిలించుకోవడానికి వాడే మాట కూడా ఆ చేతుల మాటకు చుట్టమేనని చెప్పింది.

నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. "మరి మా బార కూడా అదే కదా సిస్టరమ్మా. ఫ్రెంచివాళ్ళు యానాం వచ్చి మా బారను ఎత్తుకుపోయి బ్రాస్ అని పేరు పెట్టుకున్నరు" అన్నాను. ఆమె చాలాసేపు నవ్వింది. "వాళ్ళు యానాం రాకముందు నుంచే ఆ మాట వాళ్ళకుంది తల్లీ. మీ బార మీదే, చేతులు బారచాపడంలో ఉన్న బార. అక్కడా ఇక్కడా మనుషులకు రెండేసి చేతులే ఉన్నాయి కాబట్టి కొలత ఒకటైంది, మాట దగ్గరగా వినబడటం ఊరికే కలిసొచ్చింది" అంది. నాకు కొంచెం నిరాశ కలిగిన మాట నిజమే. కాని నాకు కావలసింది దొరికింది.

ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. ఆయన బస్సు అడగడం లేదు, బ్రష్షు అడగడం లేదు, బార అంటున్నాడు, బార. వదిన నా చేతులు పట్టుకుని, నిజమా, నిజమా అని అడిగింది. అన్న బండి మాట మానుకున్నాడు. మూలన కూర్చున్న అవ్వ లేచి, కొట్టంలోకి పోయి, బర్రెకు కట్టడానికి కొత్తగా తెచ్చిన పలుపుతాడు చుట్ట పట్టుకుని వచ్చింది. మామయ్య మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. తాడు కొస ఆయన ఎడంచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఆయన కుడిచెయ్యి లేవదు. ఆమె తన చేతితో తాడును రెండోవైపుకు బారుగా లాగి, "ఇగో అన్నా, ఒక బార" అంది.

ఆయన తాడు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. పెదవులు కదిలాయి. "ఆఁ" అన్నాడు.

ఆమె ఇంకొంత తాడు వదిలి మళ్ళీ లాగింది. "రెండు" అంది.

"దో" అన్నాడు ఆయన. తర్వాతది ఆమె చెప్పకముందే, "త్రువా" అన్నాడు. "త్రువా బ్రాస్."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాడు అయిపోయేదాకా ఇద్దరూ కొలిచారు. ఆమె తెలుగులో ఒకటంటే ఆయన ఫ్రెంచిలో ఒకటి. తెలుగు ఒంట్లు మేమెంత చెప్పించినా రాని మనిషికి, తాడు చేతిలోకి రాగానే ఆ ఒంట్లు వచ్చాయి. డాక్టరు చెప్పినది నిజమేనని నాకు అప్పుడు బోధపడింది. కంఠస్థమైంది ఏదో తెలుసుకోవడంలోనే మేము పొరబడ్డాం. ఆయనకు ఒంట్లు నోట్లో కాదు, చేతుల్లో ఉన్నాయి.

ఆ రోజు నుంచి పాలు పిండడం అవ్వ మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పని కాగానే తాడు పట్టుకుని ఆయన దగ్గర కూర్చునేది. నేను నర్సుగా నా పని నేను చేశాను: కుడిచేతి వేళ్ళకు తాడు చుట్టి, ముందు మంచం ఎత్తుకు, తర్వాత రొమ్ము ఎత్తుకు లేపించేదాన్ని. నొప్పికి ఆయన కోపగించుకునేవాడు. నన్ను తిట్టడానికైనా మాట రావాలి కదా, అట్లా కొన్ని మాటలొచ్చాయి. ఒంట్ల తర్వాత ప్రార్థన వచ్చింది, ప్రార్థన తర్వాత కూతురి పేరు వచ్చింది. కుడిచెయ్యి పూర్తిగా చాచేటంత ఎప్పటికీ కాలేదు, కర్ర పట్టుకుని వరండా దాకా నడిచేటంత అయింది.

ఒక పొద్దున అవ్వ తాడు పట్టుకుని నిలబడే ఉంటే, ఆయన పీట వైపు కర్రతో చూపించి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, "నువ్వు… కూచో" అన్నాడు. నువ్వు అన్నాడు. అండీ అనడానికి నోరు తిరగక అన్నాడో, కావాలనే అన్నాడో నాకు తెలియదు. మా అవ్వ మాత్రం కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "గిప్పుడు మనిషివైనవ్ అన్నా" అంది. తర్వాత మాట బాగా తిరిగాక కూడా ఆయన ఆమెను నువ్వు అనే పిలిచాడు. మిగతా లోకమంతా ఆయనకు అండీ.

ఆయన కోలుకున్నాక నేనొకసారి అడిగాను, ఆ రోజుల్లో ఆ మాటతో మీరు ఏమి అడిగారు మామయ్యా అని. "ఏమీ అడగలేదమ్మా. నోట్లో అదొక్కటే మిగిలింది. అది పలికినప్పుడల్లా ఇంకా ఉన్నాననిపించేది" అన్నాడు.

యానాం టిక్కెట్టు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో, సమ్మెతో బాయిలన్నీ ఆగిపోయినప్పుడు, అన్నతోపాటు కర్ర పట్టుకుని పోయి రోడ్డు మీది టెంటులో కూర్చునేవాడు. ఎవరో కొత్తవాళ్ళు ఆంధ్రాయన ఇక్కడెందుకని అడిగితే, నెమ్మదిగా, "మాది యానాం, ఆంధ్రా కాదండీ. మా ముఖ్యమంత్రి పుదుచ్చేరిలో ఉంటాడు" అన్నాడట. టెంటంతా నవ్విందని అన్న వచ్చి చెప్పాడు. రాష్ట్రం వచ్చిన ఏడాది, ఆ పండుగ చూడకుండానే, ఎండాకాలంలో నిద్రలో పోయాడు. గోదావరి ఒడ్డుకు దగ్గరగా ఉన్న మా సమాధుల తోటలోనే పెట్టాం. కొన్నేళ్ళకు అవ్వ కూడా పోయింది.

ఇప్పుడు అన్నా వదినా సొంతిల్లు కట్టుకుని మార్కండేయ కాలనీ వైపు ఉంటున్నారు. వదిన మాట పూర్తిగా మన మాటే అయిపోయింది. యానాం నుంచి చుట్టాలు ఫోను చేస్తే, "ఏంది, ఎట్లున్నరు, పిల్లలు మంచిగున్నరా" అంటుంది. అవతలివాళ్ళు నవ్వుతారట. వాళ్ళ కోసం పాత యాసలో మాట్లాడబోతే నాలుక తడబడుతుందని ఆమే చెప్పింది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇద్దరం వాళ్ళ వరండాలో కూర్చున్నాం. నది నీళ్ళూ సముద్రం నీళ్ళూ ఒకదాన్నొకటి నెట్టుకునే చోటుకు వాళ్ళ నాయన ఏదో పేరు చెప్పేవాడు, ఏమిటది అని వదిన అడిగింది. నాకూ లీలగా గుర్తే, ఆ మాట విన్న చెవులు ఇవే, కాని ఎంత వెతికినా చిక్కలేదు. ఫోను తీసి చూశాను. అందులో ఫ్రెంచి మాటలు కుప్పలుగా ఉన్నాయి, తెలుగు మాటలూ ఉన్నాయి, మామయ్య అన్న ఆ మాట మాత్రం లేదు. ఒకప్పుడు ఇట్లాంటిది అడగాలంటే వరండాలో మామయ్య కుర్చీ వైపు తల తిప్పితే సరిపోయేది. ఫోను పక్కన పెట్టేశాను. ఇద్దరం చీకటి పడేదాకా అక్కడే కూర్చుని, ఒకరి తర్వాత ఒకరం, గుర్తొచ్చిన మాటలు చెప్పుకున్నాం. అది కాదు, అదీ కాదు అనుకుంటూ.